ముగ్గురుంటేనే గనిలోకి

మైనింగ్ చదువుతున్న ఆడపిల్లలు ఫోన్ చేసినప్పుడు, లోపల భయం వేయదా అని నన్నెవరూ అడగరు. ఆ ప్రశ్న చుట్టాలది. వీళ్లు అడిగేది వేరు: "అక్కా, మీకు ముగ్గురు ఎట్లా దొరికారు?"

నేను బొగ్గు గనిలో ఇంజినీరుని. భూగర్భ గనుల్లో బాధ్యత తీసుకోవాలంటే గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ డీజీఎంఎస్ ఇచ్చే మేనేజర్ సర్టిఫికెట్ ఉండాలి. అందులో సెకండ్ క్లాస్, అన్‌రిస్ట్రిక్టెడ్ (అంటే భూగర్భ గనులకీ పనికొచ్చేది), నా దగ్గర ఉంది. అది చేతికి రావడానికి పట్టిన కాలంలో చదువుకి పోయింది కొంత, పరీక్షకి పోయింది కొంత. ఎక్కువ భాగం పోయింది మాత్రం నాతో పాటు లోపలికి దిగే ఇంకో ఇద్దరు ఆడవాళ్ల కోసం ఎదురుచూడటానికే. ఆ కథంతా ఒకచోట రాసిపెడితే, అడిగిన వాళ్లకు ఇదే పంపొచ్చని కూర్చున్నాను.

మా బాపు గోదావరిఖనిలో టింబర్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యాడు. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, మా ఇంటికి కొత్త గది వేసినప్పుడు సెంట్రింగ్ విప్పగానే కర్ర పట్టుకుని స్లాబంతా తట్టి చూశాడు. మేస్త్రీ అలిగాడు. నేను ఎంసెట్ కౌన్సెలింగ్‌లో మైనింగ్ పెట్టుకున్నానని తెలిసిన రోజు బాపు అన్నం ముందు కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "బాయి పని నాతోనే పోవాలె అనుకున్న బిడ్డా" అన్నాడు. అమ్మ మాత్రం లెక్క వేసుకుంది. "ఆడపిల్లల్ని లోపలికి పంపరంట కదా, ఆఫీసుల కూసుంటది తియ్యి" అంది.

అమ్మ లెక్క అప్పటికి కరెక్టే. 1952 గనుల చట్టం సెక్షన్ 46 ప్రకారం ఆడవాళ్లను భూగర్భ గనిలో పనికి పెట్టకూడదు. భూమిపైన, అంటే ఓపెన్‌కాస్టులో కూడా, ఉదయం 6 నుంచి సాయంత్రం 7 దాకే. అందువల్ల మైనింగ్ చదివిన ఆడపిల్లకి వచ్చేది రిస్ట్రిక్టెడ్ సర్టిఫికెట్ ఒక్కటే. దాంతో ఓపెన్‌కాస్టుల్లో చేసుకోవచ్చు, అంతే. అన్‌రిస్ట్రిక్టెడ్ కావాలంటే లోపల పనిచేసిన అనుభవం చూపించాలి. లోపలికి వెళ్లడానికే చట్టం ఒప్పుకోనప్పుడు ఆ అనుభవం ఎక్కడ కొనుక్కురావాలి? మాకు ఖనిజాల పేపరు, వెంటిలేషన్ పేపరు, రాక్ మెకానిక్స్, అన్నీ మగపిల్లలతో సమానంగానే చెప్పారు. మార్కులు కూడా సమానంగానే వేశారు. ట్రైనింగ్‌కి పంపేటప్పుడు మాత్రం వాళ్లు ఇంక్లైన్ (గనిలోకి వెళ్లే ఏటవాలు దారి) దిగేవాళ్లు, మేము పైన వైండింగ్ రూమూ, సబ్‌స్టేషనూ చూసి నోట్సు రాసుకునేవాళ్లం.

నేను ఫైనలియర్‌లో ఉండగా మా గ్రూపులో ఒక పీడీఎఫ్ వచ్చింది. 2019 జనవరి 29 నాటి గెజిట్ నోటిఫికేషన్. కేంద్రం సెక్షన్ 46 నుంచి మినహాయింపు ఇచ్చింది. ఓపెన్‌కాస్టులో ఆడవాళ్లు రాత్రి కూడా చేయొచ్చు. భూగర్భంలో ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపల, టెక్నికల్, సూపర్‌వైజరీ, మేనేజ్‌మెంట్ పనుల్లో పెట్టుకోవచ్చు. రాతపూర్వకంగా ఆమె ఒప్పుకోవాలి. భద్రత, ఆరోగ్యం విషయంలో సౌకర్యాలుండాలి. చివర్లో ఇంకో షరతు: ఒక షిఫ్టులో ముగ్గురికి తక్కువ కాకుండా ఉండాలి.

ఆ చివరి లైను ఆ రోజు ఎవరం పట్టించుకోలేదు. హాస్టల్లో స్వీట్లు పంచుకున్నాం. ఒక సీనియర్ మాత్రం "ముగ్గురా? మన బ్యాచ్ మొత్తానికి అమ్మాయిలు ఎంతమంది?" అంది. నవ్వేశాం.

క్యాంపస్ ఇంటర్వ్యూలకి వచ్చిన కంపెనీల్లో ఒకటి గెజిట్ వచ్చాక కూడా నోటీసులో మగవాళ్లకు మాత్రమే అని పెట్టింది. అడిగితే, పాత ఫార్మాట్ అండీ, మార్చలేదు అన్నారు. మారిన ఫార్మాట్ చూడకుండానే వాళ్లు వెళ్లిపోయారు. నాకు చివరికి మధ్యభారతంలో ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. మొదటి పోస్టింగ్ ఓపెన్‌కాస్టు. దాని గురించి పెద్దగా చెప్పేదేం లేదు. దుమ్ము, డంపర్లు, బ్లాస్టింగ్ టైముకి సైరన్లు, ఎండాకాలం 46 డిగ్రీలు. పని నేర్చుకున్నాను. కానీ నా బ్యాచ్ అబ్బాయిలు ఒక్కొక్కరే గ్యాస్ టెస్టింగ్ సర్టిఫికెట్, తర్వాత సెకండ్ క్లాసు కొట్టుకుంటూ పోతుంటే, నేను వాట్సాప్‌లో కంగ్రాట్స్ పెట్టుకుంటూ ఉన్నాను.

అదే కంపెనీకి పక్కనే భూగర్భ గని ఉంది. అక్కడికి పంపండి అని అప్లికేషన్ పెట్టాను. ఆఫీసువాళ్లు ఒప్పుకోలు పత్రం ఫార్మాట్ ఇచ్చారు. కింద రెండు సంతకాల గీతలున్నాయి. ఒకటి నాది. రెండోదాని కింద "తండ్రి / భర్త" అని ఉంది.

"ఇదెందుకు సార్?"

"ఫార్మాలిటీ మేడమ్. రేపు ఏదన్నా అయితే ఇంట్లోవాళ్లు వచ్చి మమ్మల్ని అడుగుతారు కదా."

"మగవాళ్లు చేరేటప్పుడు భార్య సంతకం తీసుకుంటారా?"

ఆయన నవ్వాడు. మంచివాడే, నా మీద కోపం కూడా లేదు. పెళ్లి శుభలేఖలో ఇంటిపెద్ద పేరు ఉన్నట్టు ఇందులోనూ ఉండాలని ఆయనకి అనిపించింది, అంతే. గెజిట్ ప్రింటు తీసుకెళ్లి చూపించాను. ఆ మహిళ రాతపూర్వక సమ్మతి అని ఉంది, ఇంకెవరిదీ లేదు. రెండో గీత కొట్టేసి నా సంతకం ఒక్కటే పెట్టి ఇచ్చాను. సాయంత్రం బాపుకి ఫోన్ చేసి చెప్తే, "నన్నడిగితే నేను పెట్టకపోదునేమో, మంచి పని చేసినవ్" అన్నాడు. ఇప్పటికీ ఆ మాట ఎగతాళికి అన్నాడో, నిజంగానే అన్నాడో నాకు తెలియదు.

పత్రం వెళ్లింది. జవాబు రాలేదు. అడగ్గా అడగ్గా తేలింది ఏమిటంటే, ఆ గనికి లోపలికి వెళ్లే ఆడ ఇంజినీర్లు ఎవరూ లేరు. నన్ను ఒక్కదాన్ని పంపితే రూలుకి విరుద్ధం. ముగ్గురు అయ్యాక చూద్దాం అన్నారు. ఇక్కడే అసలు కష్టం మొదలైంది. తప్పు ఎవరి మీదా వేయలేం. మేనేజరు వద్దనలేదు, కంపెనీ వద్దనలేదు, చట్టం కూడా వద్దనలేదు. ఒంటరిగా ఉన్న ఆడమనిషికి లోపల ఇబ్బంది రాకూడదని ఆలోచించి పెట్టిన రూలే మొదటి ఆడమనిషిని గేటు దగ్గర ఆపేసింది. మొదటామె లేకుండా రెండో ఆమె, మూడో ఆమె ఎక్కడి నుంచి వస్తారో ఆ రూలు రాసినవాళ్లు ఆలోచించినట్టు లేదు.

2021లో రెండు వార్తలు వచ్చాయి. జార్ఖండ్‌లో ఆకాంక్ష కుమారి అనే అమ్మాయి కోల్ ఇండియాలో భూగర్భ గనిలో పనిచేసే మొదటి మహిళా మైనింగ్ ఇంజినీరు అయింది. మన తెలంగాణ అమ్మాయి రాసకట్ల సంధ్య సెకండ్ క్లాస్ అన్‌రిస్ట్రిక్టెడ్ సర్టిఫికెట్ సాధించింది. ఆ రెండు కటింగులు మా చుట్టాలంతా నాకే పంపారు. మా మేనమామ అయితే కింద "నువ్వెప్పుడు?" అని కూడా రాశాడు. నాకు ఏడుపొచ్చింది, తర్వాత పనికొచ్చింది. ఆ కటింగులే ప్రింటు తీసి నా రెండో అప్లికేషన్‌కి జతచేశాను.

ఈసారి ఎదురుచూడకుండా నేనే వెతకడం మొదలుపెట్టాను. మైనింగ్ వాళ్లే కావాలని రూల్లో లేదు కదా, టెక్నికల్ పని అని మాత్రమే ఉంది. సర్వే డిపార్ట్‌మెంటులో ఒడిశా అమ్మాయి ఒకామె ఉంది, పైన కూర్చుని ప్లాన్లు గీస్తుంది. కొలతలన్నీ లోపలివే, ఆమె మాత్రం ఆ గ్యాలరీలు, అంటే లోపలి సొరంగ దారులు, ఎప్పుడూ చూడలేదు. అడగ్గానే ఎగిరి గంతేసింది. ఎలక్ట్రికల్‌లో ఒక పెద్దావిడ ఉంది, ఇద్దరు పిల్లల తల్లి. ఆవిడ మొదట కొట్టిపారేసింది. "నాకేం అవసరం? నీ సర్టిఫికెట్ కోసం నేను బొగ్గు మసి పూసుకోవాలా?" అంది. న్యాయమైన ప్రశ్నే. నా దగ్గర జవాబు లేదు. నెల తర్వాత ఆవిడే వచ్చింది. లోపలి సబ్‌స్టేషన్‌లో ఏదో ఫాల్టు వస్తే తనకంటే జూనియర్ కుర్రాడు దిగి చూసి, పైకొచ్చి ఆవిడకే పాఠం చెప్పాడట. "పద, నేనూ వస్తా. వాడి సంగతి చూడాలి" అంది. మా టీము అట్లా తయారైంది, ఒకరికి సర్టిఫికెట్, ఒకరికి సరదా, ఒకరికి పంతం.

తర్వాత కాగితాల పని. మెడికల్ చెకప్ చేశారు, ఛాతీ ఎక్స్‌రే, చెవులు, కళ్లు. గని ట్రైనింగ్ సెంటర్, వీటీసీలో ట్రైనింగ్ ఇచ్చారు. సెల్ఫ్ రెస్క్యూయర్, అంటే లోపల విషవాయువు వస్తే ఊపిరి తీసుకోవడానికి వాడే పరికరం, ముక్కుకి క్లిప్ పెట్టి ఎన్ని సెకన్లలో తగిలించుకోవాలో కళ్లకు గంతలు కట్టి చేయించారు. ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ వేరే తెచ్చుకోవాలి, మేనేజర్ పరీక్షకి అదీ కావాలి. జూనియర్లకి చెప్తున్నా, ఇది మాత్రం చదువుకునే రోజుల్లోనే చేసి పెట్టుకోండి. చివరి నిమిషంలో దాని కోసం పరుగెత్తినవాళ్లని చాలామందిని చూశాను.

స్టోర్స్‌లో బూట్లు అడిగితే అన్నిటికన్నా చిన్న సైజు 6 ఉంది. నాది 4. రెండు జతల మేజోళ్లు, ముందుభాగంలో గుడ్డ కుక్కుకుని వేసుకున్నాను. స్టీలు టో ఉన్న బూటు పాదానికి పట్టకపోతే అది రక్షణ కాదు, గుదిబండ. తడి ఇంక్లైన్‌లో మడమ లోపలే జారుతుంది. నడుముకి క్యాప్ ల్యాంపు బ్యాటరీ, సెల్ఫ్ రెస్క్యూయర్ తగిలించే బెల్టుకి చివరి రంధ్రం కూడా నాకు వదులే. మేకు కాల్చి ఇంకో రెండు రంధ్రాలు పెట్టి ఇచ్చాడు ల్యాంపు రూములో పనిచేసే తాత. అక్కడే టోకెన్ ఇస్తారు. ఇత్తడి బిళ్ల మీద నంబరు. లోపలికి దిగేముందు దాన్ని బోర్డుకి తగిలించాలి, వచ్చాక తీసుకోవాలి. బోర్డు మీద బిళ్ల మిగిలిందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. నా బిళ్ల మొదటిసారి తగిలించినప్పుడు వెనకాల క్యూలో ఎవరో గట్టిగా జోకు వేశారు, నాకు సగమే అర్థమైంది. ఎలక్ట్రికల్ ఆవిడకి పూర్తిగా అర్థమైనట్టుంది. వెనక్కి తిరిగి అతని వైపు ఒక చూపు చూసింది. మళ్లీ ఆ క్యూలో జోకులు వినలేదు.

లోపల నాకు పని నేర్పింది ఒక మైనింగ్ సర్దార్, అంటే లోపల కార్మికుల పని, భద్రత చూసే సూపర్‌వైజరు. రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నాడు. డిగ్రీ చదివిన నాకు రూఫ్ బోల్టు లోడ్ లెక్క తెలుసు. పైకప్పు వినడం తెలియదు. ఆయన చేతిలో ఇనుప కడ్డీ ఉండేది. దాంతో పైకప్పుని కొట్టి, రెండో చేతివేళ్లు రాయికి ఆనించి ఉంచేవాడు. గట్టి రాయి ఖంగుమంటుంది. పొర విడిపోయిన చోట ఖాళీ డబ్బా కొట్టినట్టు డొల్లగా మోగుతుంది, వేళ్లకి సన్నగా వణుకు తెలుస్తుంది. నన్ను కొట్టమన్నాడు. కొట్టాను. "మెల్లిగా అడిగితే అబద్ధం చెప్తుంది, గట్టిగా అడుగు" అన్నాడు. ఆ సాయంత్రం బాపుకి ఫోన్ చేసి, స్లాబు ఎందుకు తట్టావో ఇప్పుడర్థమైంది అన్నాను. అరగంట సేపు ఫోన్ పెట్టలేదు. నాతో బాపు తన పని గురించి మాట్లాడింది అదే మొదటిసారి. తన పక్కన పనిచేసిన ఎవరి మీద పైకప్పు కూలిందో కూడా చెప్పాడు. అమ్మకి కూడా ఆ సంగతి తెలియదట.

సర్దార్‌ది ఝరియా వైపు ఊరు. ఒకరోజు టిఫిన్ తింటూ, "ఆడవాళ్లు కొత్తగా దిగారని అందరూ అంటున్నారు గానీ మేడమ్, మా నాయనమ్మ ఇదే పని చేసింది. తాత తవ్వితే ఆమె తట్టలో ఎత్తిపోసేది" అన్నాడు. నేను నమ్మలేదు. తర్వాత చదివితే నిజమే. ఝరియా, రాణిగంజ్‌లలో కుటుంబాలకు కుటుంబాలు లోపల పనిచేసేవి. 1929లో ఆడవాళ్లను విడతలవారీగా తప్పించే నిబంధనలు తెచ్చారు, 1937 నాటికి పూర్తిగా తప్పించారు. 1943లో యుద్ధానికి బొగ్గు చాలకపోతే నిషేధం ఎత్తేసి మళ్లీ దించారు. యుద్ధం అయిపోయాక 1946లో మళ్లీ బయటికి పంపేశారు. అంటే ప్రమాదం అనేది బొగ్గు అవసరాన్ని బట్టి పెరుగుతూ తగ్గుతూ వచ్చింది. అప్పట్లో ఆ ఆడవాళ్ల చేత చేయించింది చాలా ఘోరమైన పని, చాలా తక్కువ కూలి, దాన్ని ఆపడం తప్పని నేను అనను. కానీ తట్ట మోయనివ్వకపోవడం, తర్వాతి తరాన్ని సర్వే చేసే థియోడలైట్ పట్టుకోనివ్వకపోవడం ఒకటి కాదు. 1952 చట్టం రెండింటినీ ఒకే గాటన కట్టింది.

ఇప్పుడు ఎవరూ అడగని విషయం, అడగాల్సిన విషయం. బాత్రూమ్. లోపల లేదు. మగవాళ్లకీ లేదు, వాళ్లు పనిలేని పాత గ్యాలరీ వైపు వెళ్లొస్తారు. మేము పొద్దున ఇంక్లైన్ దగ్గర వెళ్లి దిగితే మళ్లీ పైకి వచ్చేదాకా లేదు. నడిచి, మ్యాన్ రైడింగ్ కుర్చీ పట్టుకుని పైకి రావడానికే చాలా టైము. అందుకని ముగ్గురం నీళ్లు తాగడం మానేశాం. లోపల ఉక్క, ఒళ్లంతా చెమట, నీళ్లు లేవు. ముందు సర్వే అమ్మాయికి, తర్వాత నాకు యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చింది. డాక్టరమ్మ "నీళ్లు బాగా తాగండి" అని రాసింది. చీటీ చూసి ఇద్దరం నవ్వుకున్నాం.

లెటరు పెట్టాం. మహిళల సౌకర్యం అని సబ్జెక్టు రాశాం. ఫైలు పడుకుంది. ముగ్గురి కోసం అంత ఖర్చా అని ఎవరూ అనలేదు గానీ, అందరూ అదే అనుకున్నారని అర్థమవుతూనే ఉంది. సర్దార్ వల్లే అది కదిలింది. ప్రతి గనికీ పిట్ సేఫ్టీ కమిటీ ఉంటుంది, కార్మికుల తరఫున వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్లుంటారు. ఆయన వాళ్లలో ఒకరిని పట్టుకుని, మైన్లో పాత గ్యాలరీల వైపు మనుషులు ఒంటరిగా వెళ్తున్నారు, అక్కడ గాలి సరిగ్గా ఆడదు, గ్యాస్ ఉండొచ్చు, అది సేఫ్టీ సమస్య అని మినిట్స్‌లో రాయించాడు. మినిట్స్‌లోకి ఎక్కిందంటే ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు చదువుతారు. కొద్దిరోజుల్లోనే లోపలి స్టేషన్ దగ్గర, మంచి గాలి వచ్చే దారిలో, ఇటుక గోడలతో రెండు గదులు కట్టారు. ఒకటి మాది, ఒకటి వాళ్లది. వాళ్లదాని దగ్గరే క్యూ ఎక్కువ. ఆడవాళ్ల సమస్య అని రాస్తే కదలని ఫైలు, సేఫ్టీ అని రాస్తే కదిలింది. అప్పటి నుంచి నేను ఏ లెటర్ రాసినా సబ్జెక్టు లైను గురించే ఎక్కువసేపు ఆలోచిస్తాను.

అంతా బాగానే నడుస్తోంది అనుకుంటే, ముగ్గురి రూలు మళ్లీ ఎదురొచ్చింది. ముగ్గురిలో ఒకరు సెలవు పెడితే మిగతా ఇద్దరూ పైనే. ఒకరి పిల్లాడికి జ్వరం వస్తే ఇంకొకరికి ఆ రోజు లోపలి హాజరు పోతుంది. పీరియడ్స్‌లో కడుపునొప్పి ఉన్నా, నా వల్ల మీ రోజు పోతుందని మాత్ర మింగి దిగిన రోజులు ముగ్గురికీ ఉన్నాయి. మగ ట్రైనీకి ఇవేవీ లెక్కలోకి రావు. అతను సెలవు పెడితే అతని రోజే పోతుంది. మేము ముందే క్యాలెండర్ పెట్టుకుని, పెళ్లిళ్లు, పరీక్షలు, పిల్లల స్కూలు మీటింగులు అన్నీ కలిపి ప్లాన్ చేసుకునేవాళ్లం. కంపెనీ రోస్టర్ కంటే మాదే పక్కాగా ఉండేది.

సర్వే అమ్మాయికి పెళ్లయింది. కొన్నాళ్లకి క్యాంటీన్‌లో చెవిలో చెప్పింది, గర్భం అని. కౌగిలించుకున్నాను. అదే క్షణంలో నా లోపల, ఇంకా ఎన్ని రోజులు మిగిలాయి అని లెక్క మొదలైంది. ఆమె కూడా నా ముఖం చూసి, "సారీ" అంది. తల్లి కాబోతున్న మనిషి చేత పక్కనున్న ఆడదానికి సారీ చెప్పించింది ఆ రూలు. దాని మీద నాకున్న కోపమంతా ఆ ఒక్క మాటకే.

ఆమె పైకి వెళ్లిపోయాక మేమిద్దరం కూడా చాలా నెలలు పైనే ఉన్నాం. ఆ ఖాళీలో నేను గ్యాస్ టెస్టింగ్ పరీక్ష పూర్తి చేశాను. చీకటి గదిలో సేఫ్టీ ల్యాంపు వత్తిని తగ్గిస్తూ పోతే పసుపు మంట చిన్న గీతలా అవుతుంది. మీథేన్ ఉంటే ఆ గీత పైన లేతనీలం టోపీ లాంటిది కనపడుతుంది. దాని ఎత్తు చూసి ఎంత శాతమో చెప్పాలి. 5 నుంచి 15 శాతం మధ్య పేలుతుంది, కానీ అంతదాకా రానివ్వరు. 1.25 శాతానికే కరెంటు తీసేసి మనుషుల్ని బయటికి పంపాలి. మొదట్లో ఏమీ కనపడదు. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా తొందరపడకూడదు, అదే కిటుకు. పరీక్షాధికారి నేను గదిలోకి వెళ్లేటప్పుడు హాల్‌టికెట్ రెండుసార్లు చూశారు. బయటికొచ్చాక ఏమీ అనలేదు. పాస్.

కొత్త బ్యాచ్‌లో ఇద్దరు మైనింగ్ అమ్మాయిలు చేరాక మళ్లీ లోపలికి దిగడం మొదలైంది. ఈసారి నలుగురం, ఒకరు సెలవు పెట్టినా నడుస్తుంది. నలుగురైన రోజున ఎలక్ట్రికల్ ఆవిడ ఇంటి నుంచి సున్నుండలు తెచ్చి ల్యాంపు రూములో అందరికీ పంచింది. ఆవిడ విజయనగరం మనిషని ఇంతకుముందు చెప్పలేదు కదూ. మేమిద్దరం తెలుగులో తిట్టుకుంటే ఎవరికీ అర్థమయ్యేది కాదు, అది మా అదృష్టం.

అనుభవం పూర్తయ్యాక సర్టిఫికెట్ రాయించుకోవాలి. క్లర్కుకి ఒక సందేహం వచ్చింది. "మీరు ఫస్ట్ షిఫ్టు, జనరల్ షిఫ్టే చేశారు కదా, ఇది పూర్తి అనుభవం కిందకి వస్తుందా?" అన్నాడు. చట్టం అప్పట్లో నన్ను సాయంత్రం 7 తర్వాత లోపల ఉండనిచ్చేది కాదు. ఉండలేదు కాబట్టి అనుభవం తక్కువ అంటే ఎట్లా? ఎన్నాళ్లు, ఏ పని అని అడుగుతారే తప్ప ఏ షిఫ్టు అని నియమాల్లో ఎక్కడుందో చూపించండి అన్నాను. నా దగ్గర ప్రతినెలా లోపలి హాజరు రిజిస్టరు పేజీల ఫొటోలు, నా డైరీ, ప్రతి పేజీ మీద సర్దార్లకి పైన ఉండే ఓవర్‌మ్యాన్ సంతకం ఉన్నాయి. మేనేజరు ఆ కట్ట తిప్పి చూసి, ఇంకేం అడక్కుండా సంతకం పెట్టారు. మీరు కూడా పెట్టుకోండి అమ్మా. మగపిల్లల్ని ఎవరూ అడగరు, వాళ్లకి అవసరం రాకపోవచ్చు. మిమ్మల్ని అడుగుతారు.

పరీక్ష గురించి టెన్షన్ వద్దు. మైనింగ్ డిగ్రీ ఉన్నవాళ్లకి ముఖ్యమైనది చట్టాలు, భద్రత పేపరే. కంప్యూటర్ మీద రాయాలి. బండబట్టీ పడితే రాదు, రెగ్యులేషన్‌లో ఎవరి బాధ్యత ఏమిటో పట్టుకుంటే వస్తుంది. చదివేటప్పుడు సెక్షన్ 46 పేజీ దగ్గర మాత్రం నాకు పుస్తకం ముందుకు కదిలేది కాదు. నా మీద రాసిన రూల్ని నేనే మార్కుల కోసం నేర్చుకోవడం, అదో వింత.

సర్టిఫికెట్ వచ్చింది. ఇప్పుడు అదే గనిలో అసిస్టెంట్ మేనేజర్‌గా ఉన్నాను. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, గనుల చట్టం కూడా అందులో కలిసిపోయింది. ఆడవాళ్లు ఒప్పుకుంటే, భద్రత ఏర్పాట్లు ఉంటే, రాత్రి కూడా, భూగర్భంలో కూడా పనిచేయొచ్చని అంటున్నారు. పోయినసారి ప్రమోషన్ ఇంటర్వ్యూలో నాతో అన్న మాట ఒకటుంది: నీకు సెకండ్, థర్డ్ షిఫ్టుల అనుభవం లేదు కదా అని. రాత్రిపూట పైకప్పు వేరేగా మోగదు. కానీ రాత్రి షిఫ్టులో ఫోన్ చేసి అడగడానికి పైన ఎవరూ ఉండరు, నిర్ణయం మనమే తీసుకోవాలి. వాళ్లడిగింది అందుకేనని నాకూ తెలుసు.

సెకండ్ షిఫ్టు ఇవ్వండని ఒప్పుకోలు పత్రం రాసి ఇచ్చాను. సబ్జెక్టు లైన్లో "ప్రొడక్షన్ సూపర్‌విజన్ కొరత, సెకండ్ షిఫ్టు" అని పెట్టాను. ఈసారి ఫార్మాట్లో సంతకానికి ఒకే గీత ఉంది. రాత్రి మమ్మల్ని కాలనీకి దింపే బండి ఎవరు పంపాలో, మైన్ ఆఫీసా, ట్రాన్స్‌పోర్టు విభాగమా అన్న దగ్గర ఫైలు ఆగి ఉంది.